పట్నంలో పిల్లలు తక్కువ, ఆయుష్షు ఎక్కువ. మరి వృద్ధుల శాతం పల్లెలో ఎక్కువెందుకు?

మీరు గ్రూప్స్‌కి చదువుతున్నారు. పుస్తకంలో ఒక పేజీలో పట్టణాల్లో ఆయుర్దాయం ఎక్కువ, సంతానం తక్కువ అని ఉంది. రెండు పేజీలు తిప్పితే 60 దాటినవాళ్ల శాతం గ్రామాల్లోనే ఎక్కువ అని ఉంది. ఈ రెండూ పొసగడం లేదు, ఏదో ఒకటి అచ్చుతప్పా అని మీ సందేహం.

అచ్చుతప్పు కాదండీ, రెండూ నిజమే. పల్లెలో వృద్ధుల వాటా ఎక్కువగా కనబడటానికి ముఖ్య కారణం వలస. వయసులో ఉన్నవాళ్లు ఊరు వదిలిపోతే, కొత్తగా ఒక్క ముసలాయన చేరకపోయినా ఊరికి వయసు మీదపడుతుంది. వాళ్లు వెళ్లి చేరిన పట్నం ఆ మేరకు పడుచుదవుతుంది.

నేను గణాంక శాఖలో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం కృష్ణా, గోదావరి జిల్లాల మండలాల్లో ఏఎస్‌ఓగా (సహాయ గణాంక అధికారిగా) పనిచేశాను. 2001, 2011 జనగణనల్లో ఎన్యూమరేటర్లకు శిక్షణ ఇవ్వడం, వాళ్లు తెచ్చిన ఫారాలు సరిచూడటం నా పనుల్లో ఒకటి. కనుక కొంచెం వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. ఇది ఊహించిన ఊరే. జనాభా 2000, అందులో 60 దాటినవాళ్లు 200 మంది, అంటే 10 శాతం. 20, 35 ఏళ్ల మధ్యవాళ్లు 400 మంది హైదరాబాదుకో బెంగళూరుకో పోయారు. ఇప్పుడు ఊళ్లో 1600 మంది. వృద్ధులు ఆ 200 మందే, కానీ వాటా 12.5 శాతమైంది. ఇలాంటి ఊళ్లు పది కలిసి లక్ష జనాభా ఉన్న ఒక పట్నానికి 4000 మందిని పంపాయనుకోండి. ఆ పట్నంలో అంతకుముందు వృద్ధులు 8000 మంది, 8 శాతం. ఇప్పుడది 7.7కి దిగింది. వచ్చినవాళ్లు పెళ్లిళ్లు చేసుకుని జంటకి ఒకరిద్దరు పిల్లల్ని కన్నా ఇంకో 3000 మంది చేరతారు, వాటా 7.5కి వస్తుంది. ఆ పిల్లలు పుట్టాల్సింది పల్లెలో. అక్కడ అంగన్‌వాడీలో చాపలు మిగిలిపోతుంటాయి. వలస పల్లెని రెండుసార్లు దెబ్బకొడుతుందని మేం ట్రైనింగుల్లో చెప్పేవాళ్లం: ఒకసారి పడుచువాళ్లని తీసుకుపోయి, ఇంకోసారి వాళ్లు కనబోయే పిల్లల్ని తీసుకుపోయి.

మరి పట్నంలో ఆయుర్దాయం ఎక్కువ కదా, దాని ప్రభావం ఏమైంది? ఎక్కువమంది తడబడేది ఇక్కడే. జనన మరణాల లెక్కలు తీసే నమూనా నమోదు పథకం (ఎస్‌ఆర్‌ఎస్) 2015-19 లెక్కల్లో దేశంలో గ్రామీణ ఆయుర్దాయం 68.3 ఏళ్లు, పట్టణ ఆయుర్దాయం 73. తేడా పెద్దదే. అయితే పుట్టినప్పటి ఆయుర్దాయంలో వచ్చే ఇలాంటి తేడాలో కొంత భాగం పసిపిల్లల మరణాలు తగ్గడం వల్ల వచ్చేది. పసిపిల్లలు బతికితే జనాభాలో పిల్లలే పెరుగుతారు, అంటే ఆ మేరకు జనాభా ఇంకా చిన్నవయసుదవుతుంది. 60 దాటాక ఎన్నేళ్లు బతుకుతున్నారన్నది వేరే అంకె. దాని ప్రభావం ఉంటుంది గాని ఏటేటా వచ్చిపడే వలసతో పోలిస్తే అది నెమ్మదిగా పనిచేస్తుంది. పరీక్షలో ఈ ఒక్క పాయింటు రాసినా దిద్దేవాళ్ల కళ్లు అక్కడ ఆగుతాయి.

ఇప్పుడు అసలు అంకెలు. దేశం మొత్తమ్మీద 60 దాటినవారి వాటా 1961లో గ్రామాల్లో 5.8, పట్టణాల్లో 4.7 శాతం. 1991లో 7.1, 5.7. 2001లో 7.7, 6.7. 2011లో 8.8, 8.1. మొత్తం వృద్ధులు 2011లో 10.38 కోట్లు, వారిలో 71 శాతం పల్లెల్లోనే ఉన్నారు. పనిచేసే వయసువాళ్లు వందమందికి వృద్ధులు ఎంతమంది అని చూస్తే గ్రామాల్లో 15.1, పట్టణాల్లో 12.4.

ఈ అంకెల్ని అడ్డంగా చదివితే గ్రామం ముందుందని తెలుస్తుంది. నిలువుగా చదివితే ఇంకో సంగతి బయటపడుతుంది. 1991లో రెండింటి మధ్య ఎడం 1.4. 2001కి 1.0 అయింది, 2011కి 0.7. పట్నం వెనకాలే ఉంది గాని వేగంగా తరుముకొస్తోంది. 1970ల్లో, 80ల్లో ఉద్యోగాలకని పట్నం చేరినవాళ్లు వరసగా 60 దాటుతూ వస్తున్నారు. వలస వల్ల పడుచుగా కనబడ్డ పట్నం, ఆ వలసదారులకే వయసు మీదపడ్డాక ఒక్కసారిగా నెరుస్తుంది.

దీనికి మా అపార్టుమెంటే ఉదాహరణ. విజయవాడలో 1994లో కట్టిన మూడంతస్తుల భవనం, పన్నెండు ఫ్లాట్లు, లిఫ్టు లేదు. అప్పట్లో మూడంతస్తులకి లిఫ్టేమిటి అనుకునేవాళ్లం. మేం దిగిన కొత్తలో మెట్ల కింద పిల్లల సైకిళ్లు తీసుకోలేక పెట్టుకోలేక గొడవలయ్యేవి. ఇప్పుడు పన్నెండు ఫ్లాట్లలో ఏడింట్లో మొగుడూ పెళ్లాం ఇద్దరే, అందరూ 65 దాటినవాళ్లే. పై అంతస్తులో ఉండే రిటైర్డ్ లెక్చరరు గారికి మోకాళ్లు అరిగిపోయాయి. పొద్దున్నే తాడుకి బుట్ట కట్టి కిందికి వదులుతారు, వాచ్‌మన్ అందులో పాలప్యాకెట్లు, పేపరు పెడతాడు. అదృష్టం బాగుంటే కరివేపాకు కూడా. ఆయన కిందికి దిగి నేల మీద అడుగుపెట్టేది నెలకి రెండుసార్లు, రెండూ ఆస్పత్రికే. పట్నంలో వృద్ధాప్యం ఊరంతటికీ ఒకేసారి రాదు, కాలనీల వారీగా వస్తుంది. ఒక కాలనీ ఏ ఏడు కట్టారో చెబితే అక్కడివాళ్ల వయసు సుమారుగా చెప్పేయొచ్చు. మళ్లీ దీనికీ మినహాయింపుంది: హైదరాబాదు కేపీహెచ్‌బీ లాంటి చోట పాత యజమానులు ముసలివాళ్లయినా చుట్టూ హాస్టళ్లు, అద్దెకుండే ఉద్యోగస్తులు నిండిపోయి కాలనీ వయసు పెరిగినట్టే కనబడదు.

పల్లె సంగతి మా అత్తగారి ఊరు చూసి చెబుతాను. కోనసీమ. ఆవిడ ఉండే వీధిలో 22 ఇళ్లు. పోయిన సంక్రాంతి వెళ్లిపోయాక ఊరికే ఉండలేక లెక్కపెట్టాను (ముప్పై ఏళ్ల అలవాటు). ఏడిళ్లకి తాళాలు. పదిళ్లలో ముసలివాళ్లే. బడికెళ్లే పిల్లలున్న ఇళ్లు ఐదు. సంక్రాంతి మూడు రోజులూ వీధిలో కార్లు పెట్టడానికి చోటు లేదు, కనుమ మర్నాటికి కుక్కలు తప్ప ఎవరూ లేరు.

ఇక్కడ మన రాష్ట్రాల సంగతి వేరుగా చెప్పాలి. పల్లె నుంచి వలస బీహార్‌లోనూ ఉంది, మనకంటే ఎక్కువే ఉంది. కానీ ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) నాటికి కూడా అక్కడ స్త్రీకి సగటున ముగ్గురు పిల్లలు. వెళ్లినవాళ్ల చోటు భర్తీ అవుతూ ఉంటుంది. అందుకే అక్కడ 2021 అంచనాలో వృద్ధులు 7.7 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో అదే సర్వేలో సగటు సంతానం 1.7. పట్టణాల్లో 1.5 అయితే పల్లెల్లో 1.8 దాకా ఉంది, అంటే మన పల్లెల్లో కూడా 2.1 అనే భర్తీ స్థాయి (ఒక తరం చోటు తర్వాతి తరం నింపడానికి కావలసిన సంతానం) కంటే తక్కువే. ఇది నిన్నమొన్నటిది కాదు, ఉమ్మడి రాష్ట్రంలో 2005-06 సర్వేకే 1.8కి దిగింది. పడుచువాళ్లు పోవడం ఒకటి, ఉన్నవాళ్లు ఇద్దరితో ఆపడం ఇంకోటి, రెండూ కలిశాయి. ఫలితంగా ఏపీలో వృద్ధుల వాటా 2021 అంచనా 12.4 శాతం, 2031కి 16.4. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారని 1994లో చట్టం చేసిన రాష్ట్రమే 2024 నవంబరులో ఆ నిబంధన ఎత్తేసింది. ముప్పై ఏళ్లలో ఎంత తిరగబడిందో చూడండి.

మీ ప్రశ్నలో "జీవన విధానంలో తేడాలు కూడా చెప్పండి" అని ఉంది. పుస్తకాల్లో ఉండే వాక్యం నాకు కంఠతా వచ్చు: పల్లెల్లో ఉమ్మడి కుటుంబం ఆసరా, పట్నాల్లో ఒంటరితనం. పరీక్షలో దయచేసి ఇది రాయొద్దు. 2017-18లో 45 దాటిన 72 వేలమందిపై జరిగిన లాసీ సర్వేలో (దేశంలో వృద్ధాప్యం మీద చేసే పెద్ద సర్వే) ఒంటరిగా ఉంటున్న వృద్ధులు పల్లెల్లో 6.3 శాతం, పట్టణాల్లో 4.1 శాతం. తిరగబడింది కదా! కారణం పెద్ద మర్మమేమీ కాదు. పట్నంలో అద్దెలు, ఫ్లాట్ల ధరలు చూసి కొడుకులు వేరుపడరు, రెండు గదుల్లోనే నాన్నమ్మ మంచం కూడా వేస్తారు. మనవడికి బడి నుంచి వచ్చేసరికి ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కూడా. పల్లెలో ఇల్లు పెద్దదే, ఉండే మనిషి లేడు.

అయితే ఆ 6.3 చదివేటప్పుడు కూడా ఒక జాగ్రత్త. మన సర్వేల్లో పొయ్యి వేరైతే కుటుంబం వేరు. ఒకే దొడ్లో కొడుకు పెంకుటింట్లో, తల్లి పక్కన వసారాలో వేరే వండుకుంటుంటే ఆవిడ ఏక సభ్య కుటుంబం కిందికి వస్తుంది. నేను చూసిన ఫారాల్లో ఇలాంటివి బోలెడు. కొన్నిచోట్ల అది కోడలితో పడక వేరైన పొయ్యి, కొన్నిచోట్ల "నాకు నచ్చిన పులుసు నేను పెట్టుకుంటాను" అని ఇష్టపడి వేరైన పొయ్యి. ఫారంలో రెండూ ఒకటే.

పని విషయంలో తేడా బాగా కనబడుతుంది. అదే సర్వేలో 60 దాటినా ఏదో ఒక పని చేస్తున్నవాళ్లు పల్లెల్లో సుమారు 40 శాతం, పట్టణాల్లో 26. పల్లెలో రిటైర్మెంటు తేదీ ఉండదు. ఒళ్లు సహకరించినన్నాళ్లు పొలం గట్టు, గేదె పాలు, ఉపాధి హామీ పని. దీన్ని "చురుకైన వృద్ధాప్యం" అని ముద్దుగా పిలిచేవాళ్లున్నారు. సగం నిజం. మిగతా సగం, మానేస్తే తిండెక్కడిదన్న భయం. పట్నంలో మాత్రం అందరికీ నెలనెలా ఏదో వస్తుందనుకోకండి. ప్రభుత్వోద్యోగి పెన్షన్ వేరు, ప్రైవేటు ఫ్యాక్టరీలో చేసి ఈపీఎస్-95 అనే పీఎఫ్ పెన్షన్ పథకం కింద కనీసం 1000 రూపాయలతో సరిపెట్టుకునే కార్మికుడి సంగతి వేరు. ఆ వెయ్యి 2014లో పెట్టింది.

సామాజిక పింఛను దగ్గర ఏపీ, తెలంగాణ వృద్ధులు మిగతా చాలా రాష్ట్రాల కంటే మెరుగు. ఏపీలో 2024 జులై నుంచి 4000, తెలంగాణలో ఆసరా 2016 రూపాయలు. కేంద్రం తన వాటాగా ఇచ్చేది 79 ఏళ్ల వరకు 200, 80 నిండితే 500. మా అత్తగారి వీధిలో ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం వాళ్లు పింఛను పంచడానికి వస్తారు. ఆ ఉదయం ప్రతి అరుగు మీదా ఒకరు కూచుని ఉంటారు. ఆ వీధిలోనే ఒకావిడకి కొబ్బరి పీచు పనితో వేళ్ల గీతలు అరిగిపోయాయి, వేలిముద్ర పడదు. బొటనవేలు, చూపుడువేలు, కొంగుకి తుడుచుకుని మళ్లీ బొటనవేలు. చివరికి కళ్లు చూపించి తీసుకుంటుంది. నాలుగు వేలలో మందుల కొట్టుకి ఎంత, పచారీ కొట్టుకి ఎంత అన్నది కొంగున ముడేసేలోపే తేలిపోతుంది.

ఆరోగ్యం గురించి ఒక్కమాట. షుగరు, బీపీ పట్నం వృద్ధుల్లో ఎక్కువని సర్వేలన్నీ చూపిస్తాయి. డాక్టరు చెప్పగా తెలిసిన జబ్బుల లెక్క అది. పల్లెలో పరీక్షే చేయించుకోనివాళ్లు ఎక్కువ, కాబట్టి తేడాలో ఎంత నిజంగా జబ్బు తేడా, ఎంత చూపించుకోవడంలో తేడా అన్నది విడదీసి చూడాలి. 70 దాటిన ప్రతి ఒక్కరికీ ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల ఆయుష్మాన్ వైద్యం 2024 అక్టోబరు నుంచి ఉంది. కార్డు పల్లెలోనూ చెల్లుతుంది, ఆస్పత్రి మాత్రం పట్నంలో ఉంటుంది. రాత్రి పదింటికి గుండెలో నొప్పి వస్తే తోడు కారెక్కేది ఎవరు అన్నదే అక్కడ అసలు ప్రశ్న.

అన్ని పల్లెలూ ఒకటి కాదు. కృష్ణా, గోదావరి డెల్టాలో సంతానం ముందుగా తగ్గింది, చదువులకీ అమెరికాకీ వెళ్లినవాళ్లు ఎక్కువ, అక్కడ పైన చెప్పిన బొమ్మ పూర్తిగా కనబడుతుంది. పాలమూరులో తల్లిదండ్రులు కూలికెళ్తే పిల్లలు అవ్వాతాతల దగ్గరే మిగులుతారు. ఉమ్మడి కడప జిల్లా రాజంపేట, రాయచోటి వైపు, కోనసీమలో కొన్ని ఊళ్లలో తల్లే కువైట్ వెళ్తుంది. జగిత్యాల, నిజామాబాద్ నుంచి మగవాళ్లు గల్ఫ్ వెళ్తారు. ఇలాంటి ఊళ్లలో పిల్లలు మిగలబట్టి వృద్ధుల శాతం అంత భయంకరంగా కనబడదు, కానీ ఊరు మోసేది మాత్రం మధ్య తరం లేని బరువు. డెబ్బై ఏళ్ల మామ్మ స్కూలు మీటింగుకి వెళ్లి సంతకం పెడుతుంది. పాడేరు ఏజెన్సీకి వెళ్తే లెక్క ఇంకోలా ఉంటుంది: కాన్పులు ఎక్కువ, ఆయుష్షు తక్కువ, జనాభా చిన్నవయసుదే. "గ్రామీణ ప్రాంతం" అని ఒకే గంపలో వేసేముందు ఇవన్నీ గుర్తుంచుకోండి.

బయటి దేశం ఉదాహరణ కావాలంటే చైనా ఇవ్వండి. 2020 జనగణనలో 60 దాటినవాళ్లు అక్కడి గ్రామాల్లో 23.81 శాతం, పట్టణాల్లో 15.82. కారణం ఇదే, పడుచువాళ్లు ఫ్యాక్టరీల ఊళ్లకి పోవడం. మన ఎడం 0.7, వాళ్లది 8. ఒక్కో దేశంలో ఇది ఎంత దూరం పోగలదో చెప్పడానికి పనికొస్తుంది.

ఇంకో సంగతి, పుస్తకాల్లో దొరకదు. పల్లె వృద్ధుల వయసులు పూర్తిగా నమ్మదగ్గవి కావు. 2011 ఫిబ్రవరిలో దివిసీమలో ఒక ఎన్యూమరేటరు ఫారంలో ఒకావిడ వయసు 65 అని రాసుకొచ్చాడు, పెద్దకొడుకు వయసు 34. అనుమానమొచ్చి నేనే వెళ్లాను. "ఉప్పెనప్పటికి నీకు పిల్లలెంతమంది అమ్మా?" అనడిగాను. "పెద్దోడొక్కడే సారూ, చంకలో ఉన్నాడు. ఆడినెత్తుకునే గుడి మీదికెక్కాను" అంది. ఉప్పెన 1977 నవంబరు. పద్దెనిమిదీ పందొమ్మిదికి తొలికాన్పు అనుకుంటే ఆవిడకి 52, 53. మరి 65 ఎందుకు చెప్పావంటే "పింఛనీ రాసుకోడానికొచ్చారనుకున్నా" అంది. పుట్టిన తేదీ కాగితం లేని తరం అది. ఉప్పెన, రామారావు ముఖ్యమంత్రి అయిన ఏడు, ఇలాంటి గుర్తులు పట్టుకునే వయసులు కట్టేవాళ్లం. అందుకే వయసుల పట్టికలో 60, 65, 70 దగ్గర అంకెలు గుట్టపడతాయి, 61, 62 దగ్గర పల్లం ఉంటుంది. ఈ అలవాటు పట్నంలోనూ ఉంది, పల్లెలో ఎక్కువ. దీన్నిబట్టి పల్లె వాటా మొత్తం తప్పని కాదు, 8.8కీ 8.1కీ మధ్య తేడాని వెంట్రుక వాసి దాకా నమ్మకూడదని.

గ్రామం అనే ముద్ర పోయి ఊరు పట్టణం కింద చేరడం కూడా లెక్కని తిప్పుతుంది. 5000 జనాభా, మగ కార్మికుల్లో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో, చదరపు కిలోమీటరుకి 400 మంది ఉంటే జనగణన దాన్ని పట్టణం అంటుంది, పంచాయతీ ఆఫీసు అక్కడే ఉన్నా సరే. నగరం పక్కన ఉన్న, కుర్రవాళ్లు నిలబడ్డ ఊళ్లు చాలా ఇలా పట్టణం జాబితాలోకి వెళ్తాయి. దూరపు ఊళ్లు, వయసు మళ్లినవి, గ్రామం జాబితాలో మిగులుతాయి. మరోటి, జనన నమోదు అంకెలతో పల్లె, పట్నం పోలిక చేయకండి. పల్లె బిడ్డ పట్నం ఆస్పత్రిలో పుడితే నమోదు పట్నంలోనే.

పరీక్షకి రాసేటప్పుడు వాటా, సంఖ్య, ఎవరితో ఉంటున్నారు అనే మూడింటినీ కలపకుండా విడివిడిగా రాయండి. 1991 నుంచి తగ్గుతున్న ఎడం తప్పకుండా చూపించండి. మన వృద్ధుల వాటాకి ఇక్కడిచ్చిన తాజా అంకెలు 2011వో, వాటి మీద కట్టిన అంచనాలో. కొత్త జనగణనకి ఆధార తేదీ 2027 మార్చి 1. ఫలితాలు వచ్చాక ముందు గ్రామం, పట్టణం ఎడం ఎంతుందో చూడండి. 0.7 కంటే తగ్గితే పట్నం అందుకుంటోందని, పెరిగితే వలస ఇంకా జోరుగా ఉందని.

ఆ లెక్కలో కొడుకుల దగ్గర వంతులవారీగా ఉండే వృద్ధుల్ని ఎక్కడ రాయాలన్నది ఎన్యూమరేటరుకి ప్రతిసారీ తలనొప్పే. నాలుగు నెలలు హైదరాబాదు, నాలుగు నెలలు విజయవాడ, మిగతా కాలం ఊరు. మా అత్తగారికి 84. 2027 ఫిబ్రవరిలో మా ఇంట్లో ఉంటే పట్టణ వృద్ధురాలు, అక్కడే ఉంటే గ్రామీణ వృద్ధురాలు. ఫోన్‌లో అడిగితే కొబ్బరి దింపు అయ్యేదాకా కదిలేది లేదంటున్నారు.